బొమ్మ ఎలా ఉంది?

రావులపాలెం కోనసీమకు వాకిలి. జొన్నాడ దగ్గర గౌతమిని దాటివచ్చిన జాతీయ రహదారి ఈ ఊరిమీదుగానే సిద్ధాంతం వంతెన వైపు సాగిపోతుంది. కొత్తపేట, అమలాపురం పోయే దారీ, ఆత్రేయపురం పోయే దారీ ఇక్కడే చీలుతాయి. నాలుగు దిక్కుల మనుషులు కలుసుకునే చోట మాటలకు కరువుండదు. వాటిలో సినిమా మాట ఎప్పుడూ ముందుంటుంది. బస్సుకోసం నిలబడినవారు, టీ దుకాణం బల్లమీద కూర్చున్నవారు, అరటిగెలల బజారులో బేరం ముగించుకున్నవారు, ఎవరు ఎవరిని పలకరించినా రెండవ ప్రశ్న "బొమ్మ ఎలాగుందండీ?" అన్నదే. సమాధానమూ అంత పొట్టిదే: "బాగుందండి", "ఫరవాలేదండి", "ఏముందండీ, అంతా బోగస్."

మరునాటి ఉదయం ఈ మాటలే బడిలోకి వస్తాయి. సైన్సు మాస్టారు పాఠం మొదలుపెట్టకముందే పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోయి ఉంటారు. మనిషి ఈగగా పుట్టడం, యంత్రమెక్కి నాలుగువందల ఏళ్ళ వెనక్కు పోవడం, శూన్యంలో ఉపగ్రహాన్ని బాగుచేయడం – ఇవి జరుగుతాయా అని ఒకడు అడుగుతాడు. "సినిమా గదరా, అలాగే ఉంటుంది" అని మరొకడు కొట్టివేస్తాడు. "అన్నీ అబద్ధాలే" అని ఇంకొకడు తేల్చివేస్తాడు. చివరి రెండు మాటలూ ఎదురెదురుగా కనబడినా వాటి ఫలితం ఒక్కటే. రెండూ ఆలోచనను అక్కడితో ఆపివేస్తాయి.

అదే రావులపాలెం బజారులో అరటిగెలను గూర్చి అభిప్రాయం అంత తేలికగా వెలువడదు. అది చక్రకేళియా, కర్పూరమా, అమృతపాణియా, గెలకు అత్తాలెన్ని, కాయ ఇంకా పలకలు తేలి ఉన్నదా, ముదిరి గుండ్రబడినదా, సరుకు ఎంత దూరం పోవాలి – ఇవన్నీ చూచిన తరువాతగాని వర్తకుడు ధర చెప్పడు. అడిగితే ఆ ధరకు కారణమూ చెప్పగలడు. సినిమాపై మాట కూడా ఇలా కారణంతో కూడినప్పుడు విమర్శ అవుతుంది. ఇందుకు గొప్ప పాండిత్యమేమీ అక్కరలేదు. హైస్కూలు పాఠ్యపుస్తకంలో ఉన్న భౌతికశాస్త్రం, జీవశాస్త్రం చాలావరకు సరిపోతాయి.

ఒక కల్పనకు అనుమతి

కథకుడు అసంభవమైన దానిని ఒకదానిని ఊహించుకోవచ్చు. శాస్త్రజ్ఞుడు కూడా "ఇలా అనుకుందాం" అనే గదా లెక్క మొదలుపెడతాడు! రాపిడి లేని తలం, బరువు లేని తాడు, పరిమాణం లేని బిందువు లోకంలో ఎక్కడా లేవు. అయినా వాటిని ఊహించుకొనే పాఠాలు నడుస్తాయి. ఊహించుకున్న తరువాత మాత్రం లెక్క తప్పకూడదు. తాడుకు బరువు లేదని మొదటి పంక్తిలో చెప్పి, మూడవ పంక్తిలో దాని బరువు కలిపితే మాస్టారు మార్కులు తీసివేస్తారు.

శాస్త్ర విషయాలను ముట్టుకున్న సినిమాకూ ఇదే కొలబద్ద. మొదటి కల్పన సాధ్యమా, అసాధ్యమా అన్నది పెద్ద ప్రశ్న కాదు. దానిని ఒప్పుకున్న తరువాత తక్కిన లెక్క సక్రమంగా నడిచిందా లేదా అన్నది చూడాలి. ఈ కొలబద్దతో ఇటీవలి తెలుగు చిత్రాలను కొన్నింటిని చూస్తే, "బాగుంది", "బోగస్" అనే మాటల వెనుక దాగిన సంగతులు బయటపడతాయి.

ఈగ లెక్క

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2012లో వచ్చిన 'ఈగ'లో మొదటి కల్పన పూర్తిగా అసంభవం. హత్యకు గురైన యువకుడు ఈగగా పుడతాడు; పాత జ్ఞాపకాలన్నీ నిలిచి ఉంటాయి. ఈగ మెదడు ఎంతటిది? పండ్ల ఈగ మెదడులోని నాడీకణాల సంపూర్ణ పటం 2024లో ప్రచురితమైంది. వాటి సంఖ్య సుమారు 1,40,000. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్లు ఉంటాయి. ఇంత సంచి అంత సరుకును పట్టదు. కావున ఇక్కడ శాస్త్రం పక్కకు తప్పుకొని కథకు దారి ఇవ్వవలసిందే.

తరువాతి భాగంలోనే ఈ చిత్రం మెచ్చుకోదగినది. ఈగ హఠాత్తుగా ఏనుగు బలం తెచ్చుకొని ప్రతినాయకుడిని ఎత్తి కుదేసి ఉంటే కథ అక్కడే చచ్చిపోయేది. అది అలా చేయదు. అతని నిద్ర చెడగొడుతుంది. దృష్టి మళ్ళిస్తుంది. మనిషి కోపాన్నీ, మనిషి చేతిలోని యంత్రాలనూ మనిషిపైకే తిప్పుతుంది. దాని ఆయుధాలు సూదివంటి చిన్న వస్తువులు. కథానాయిక సూక్ష్మకళ తెలిసినది కావడంవల్ల ఈగకు తగిన పనిముట్లు ఎక్కడనుంచి వచ్చాయన్న ప్రశ్నకు కూడా కథలోనే సమాధానం దొరుకుతుంది.

చిన్న ప్రాణికి తన శరీరంతో పోల్చినప్పుడు బలం ఎక్కువగా కనబడుతుంది. కారణం సులభం. ఒక ఘనం భుజాన్ని రెట్టింపు చేస్తే దాని అడ్డుకోత వైశాల్యం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతాయి. కండరం బలం అడ్డుకోతను బట్టి ఉంటుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. పరిమాణం తగ్గినకొద్దీ బలం తగ్గేదానికంటె బరువు ఎక్కువ వేగంగా తగ్గుతుంది. చీమ తనకంటె ఎన్నో రెట్లు బరువైన గింజను ఈడ్చుకుపోవడానికీ, కొబ్బరిచెట్టు మొవ్వునుంచి జారిపడినా దెబ్బ తగలకుండా నడిచిపోవడానికీ ఈ లెక్కే మూలం. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలోనే ఈ విషయాన్ని చర్చించాడు. 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వరంలో మరణించిన జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1926లోనే దీనిపై సామాన్యులకు అర్థమయ్యేట్లు వ్యాసం రాశాడు.

అయితే చిన్నతనానికి మూల్యం కూడా ఉంది. స్నానం చేసివచ్చిన మనిషికి ఒంటిమీది తడి బరువుగా తోచదు. పూర్తిగా తడిసిన ఈగకు ఆ నీటిపొర తన బరువుకంటె ఎన్నో రెట్లు. నీటి తలతన్యత దానికి బురదగుంట వంటిది. ఈగ జీవితకాలం కూడా చాలా తక్కువ, కొన్ని వారాలు మాత్రమే. గుడ్డు, పురుగు, ప్యూపా దశలు దాటిగాని రెక్కల ఈగ వెలువడదు. చిత్రం ఈ సంగతులను ఎంతవరకు పాటించింది, ఎక్కడ దాటవేసింది అన్నది విద్యార్థి మరొకసారి చూచి రాయదగిన ప్రశ్న. "ఈగకు అంత బలమేమిటి?" అని నవ్వి ఊరుకున్నవాడికి ఈ పాఠం అందదు.

వెనక్కు తిరిగే కాలం

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన 'ఆదిత్య 369' మొదట 1991లో విడుదలైంది. 2025లో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు నాటి ప్రేక్షకులు తమ పిల్లలను వెంటబెట్టుకొని చూడదగిన చిత్రమయింది. అందులో కథానాయకుడు కాలయంత్రంలో 1526కు పోయి శ్రీకృష్ణదేవరాయల కాలాన్ని చూస్తాడు. ఆ తరువాత 2504కు పోతాడు. రాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు కాబట్టి ఆ తేదీ చరిత్రకు సరిపోతుంది. 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'లో కథానాయకుడు మిత్రులతో కలిసి 1998కి, తల్లి బ్రతికి ఉన్న రోజులకు, తిరిగిపోతాడు. మొదటిది వింతలను చూపుతుంది. రెండవది "జరిగిపోయినదానిని మార్చగలిగితే" అనే మనిషి ఆశను పట్టుకుంటుంది.

హెచ్.జి. వెల్స్ కాలయంత్రాన్ని గూర్చిన నవలను 1895లో ప్రచురించాడు. పదేళ్ళ తరువాత, 1905లో, ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం వెలువడింది. అప్పటినుంచి ఈ విషయంలో సగం కల్పన, సగం సత్యం అయింది. ముందుకు పోవడం సత్యం. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి వచ్చినవారు భూమిపై ఉన్నవారికంటె దాదాపు సెకనులో రెండువందల వంతు తక్కువ వయసు గడిపి వస్తారు. అంటే వారు ఆ మేరకు భవిష్యత్తులోకి దిగినట్లే. వెనక్కు పోవడానికి మాత్రం ఏ ప్రయోగమూ దారి చూపలేదు.

ఇది ఎక్కడో విశ్వాంతరాళపు ముచ్చట అనుకోనవసరం లేదు. రావులపాలెం నుంచి అరటిలోడుతో బయలుదేరిన లారీ డ్రైవరు దారి చూచుకునే ఫోను, జి.పి.ఎస్. ఉపగ్రహాల గడియారాల మీద ఆధారపడుతుంది. వేగంవల్ల ఆ గడియారాలు రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి. అక్కడ గురుత్వం తక్కువ కావడంవల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. తేడా 38 మైక్రోసెకన్లు. కాంతి అంత వ్యవధిలో 11 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ఈ తేడాను సవరించకపోతే ఒక్కరోజులోనే లెక్క అంత దూరం తప్పుతుంది. రావులపాలెంలో ఉన్న లారీ గోదావరి అవతల ఏ ఊళ్ళోనో ఉన్నట్లు కనబడుతుంది.

కాలయంత్ర చిత్రాలలో చూడవలసిన సొంత లెక్క వేరొకటి ఉంది. గతాన్ని మార్చవచ్చునా, మార్చకూడదా? మార్చితే వర్తమానంలో దాని ఫలితం ఎలా కనబడాలి? ఈ విషయంలో చిత్రం మొదట ఒక నియమం చెప్పి, తరువాత అవసరానికి మరొక నియమం తెచ్చుకున్నదా? 'ఒకే ఒక జీవితం' చూచివచ్చి "ఏడిపించాడండి" అన్నవారు ఆ ఏడుపు ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే, అక్కడ యంత్రంకంటె ఈ నియమమే ఎక్కువ పని చేసిందని తెలుసుకుంటారు. ఏదైనా మార్చివేయగలిగే కథలో దుఃఖానికి చోటుండదు గదా!

పేరులోనే ఒక లెక్క

సంకల్ప్‌రెడ్డి దర్శకత్వంలో 2018 డిసెంబరులో వచ్చిన 'అంతరిక్షం 9000 కెఎంపిహెచ్' చిత్రంలో 'మిహిర' అనే ఉపగ్రహం దారి తప్పుతుంది. అది ఇతర ఉపగ్రహాలను ఢీకొంటే సమాచార వ్యవస్థ కుప్పకూలుతుంది. దానిని సరిచేయడానికి కథానాయకుడు అంతరిక్షానికి పోతాడు. ఈ భయం కల్పితం కాదు. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33 అనే అమెరికా ఉపగ్రహమూ, పనిచేయడం మానిన కాస్మోస్ 2251 అనే రష్యా ఉపగ్రహమూ భూమికి దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున ఢీకొని వేల ముక్కలయ్యాయి. ఒక ముక్క మరొకదానిని కొట్టి, అది ఇంకొకదానిని కొట్టే ప్రమాదాన్ని డోనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించాడు. కథకు పునాది గట్టిది.

పేరులో ఉన్న సంఖ్యను మాత్రం పదవ తరగతి పైబడిన విద్యార్థి కాగితంమీద పెట్టి చూడవచ్చు. గంటకు 9000 కిలోమీటర్లు అంటే సెకనుకు 2.5 కిలోమీటర్లు. భూమిచుట్టూ వృత్తాకార కక్ష్యలో తిరిగే వస్తువు వేగం దాని దూరాన్ని బట్టి నిర్ణయమై ఉంటుంది. ఇష్టమొచ్చిన ఎత్తున ఇష్టమొచ్చిన వేగంతో తిరగడానికి వీలులేదు. 400 కిలోమీటర్ల ఎత్తున ఆ వేగం గంటకు సుమారు 27,600 కిలోమీటర్లు. 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహాలకు అది గంటకు సుమారు 11,000 కిలోమీటర్లు. గంటకు 9000 కావాలంటే భూకేంద్రం నుంచి దాదాపు 64,000 కిలోమీటర్ల దూరం, అనగా నేలనుంచి 57,000 కిలోమీటర్లకు పైగా, పోవాలి. తక్కువ ఎత్తున వస్తువు ఇంత నెమ్మదిగా పోతే అది కక్ష్యలో నిలవదు, కిందికి రాలుతుంది. రేలంగి రైలుగేటు దగ్గర చదివే దూరాలలాగా కాక, ఒక సంఖ్య ఇంత కథ చెప్పగలదని తెలిసిన విద్యార్థికి చిత్రం పేరు కూడా ఒక అభ్యాసమే అవుతుంది.

అంతరిక్ష చిత్రాలు చూచినవారిలో ఇంకొక పొరపాటు పాతుకుపోతుంది. పాత్రలు గాలిలో తేలుతుంటే "అక్కడ గురుత్వాకర్షణ లేదు" అనుకుంటారు. 400 కిలోమీటర్ల ఎత్తున గురుత్వం నేలమీద ఉన్నదానిలో నూటికి 89 వంతులు ఉంటుంది. నౌకా, అందులోని మనిషీ ఇద్దరూ కలిసి భూమివైపు పడుతూ, పక్కకు పోయే వేగంవల్ల భూమిని తప్పించుకుంటూ ఉంటారు కాబట్టి బరువు తెలియదు. అడుగున చిల్లులు పొడిచిన నీళ్ళ డబ్బాను మేడమీదనుంచి వదిలితే, అది పడుతున్నంతసేపు చిల్లులలోనుంచి నీరు కారదు. ఖర్చులేని ఈ ప్రయోగం చాలు, పాఠం మనసుకు ఎక్కడానికి.

నీటి అడుగున

అదే దర్శకుడు అంతకుముందు, 2017లో, 'ఘాజీ' తీశాడు. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖపట్నం తీరానికి దగ్గరలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' ఈ కథకు ఆధారం. చరిత్ర దగ్గర ప్రేక్షకుడు జాగ్రత్తగా ఉండాలి. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వదిలిన పేలుడు సాధనాలవల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెప్పింది. లోపలి పేలుడువల్లనో, తాను పెట్టిన మందుపాతరలవల్లనో మునిగిందని పాకిస్తాన్ పక్షం చెబుతుంది. చిత్రంలో చూపినట్లు భారత జలాంతర్గామి దానితో తలపడిన కథ ఈ రెండింటిలోనూ లేదు. "ఘాజీ ఎలా మునిగిందో సినిమాలో చూశాను" అని సాంఘికశాస్త్రం పరీక్షలో రాయరాదు.

భౌతికశాస్త్రం వైపు చూస్తే ఈ చిత్రం తన బలాన్ని సరైన చోట వెతుక్కున్నది. ఇరుకు గదులు, చెమట పట్టిన ముఖాలు, లోతు చూపే ముల్లు – ప్రేక్షకుడి గుండెను పట్టినవి ఇవే. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల భారం పైబడుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూతమీద అది 28 టన్నులు! లోతు ముల్లు కదిలినప్పుడు పాత్రలు ఎందుకు మాట్లాడడం మానివేస్తాయో ఈ అంకె చెబుతుంది.

ఒక ఘట్టంలో మాత్రం ఉద్వేగం శాస్త్రాన్ని దాటిపోయింది. శత్రువును రెచ్చగొట్టడానికి నావికులు గొంతెత్తి పాడతారు. ఆ పాట అవతలి జలాంతర్గామికి వినబడుతుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో చాలా దూరం పోతుంది, నిజమే. కాని గాలిలో పుట్టిన ధ్వని నీటిలోకి సులభంగా దిగదు. గాలీ నీరూ కలిసే చోట ధ్వనిశక్తిలో వెయ్యింట ఒక వంతు మాత్రమే దాటుతుంది. తక్కినదంతా వెనక్కు తిరుగుతుంది. మధ్యలో ఉక్కు గోడ ఉన్నప్పుడు లెక్క కొంత మారినా, మనిషి గొంతుకంటె నేలను తాకి తిరిగే యంత్రాల చప్పుడే దూరానికి ఎక్కువగా పోతుంది. గౌతమిలో ఈతకు దిగిన పిల్లలకు ఇది తెలిసిన సంగతే: మునిగి ఉన్నవాడికి గట్టుమీది కేక సరిగా వినబడదు, నీటిలో రెండు రాళ్ళు కొట్టుకుంటే స్పష్టంగా వినబడుతుంది. ఈ కారణం చెప్పి "ఆ ఘట్టం నమ్మదగినట్లు లేదు, అయినా మనసును కదిలించింది" అన్నవాడు చిత్రానికి అన్యాయం చేసినవాడు కాడు.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' మరింత దూరం ఊహించింది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలోని ఆ చిత్రంలో గంగ ఎండిపోయిన కాశీ కనబడుతుంది. చూచినవారు ఎక్కువగా మాట్లాడుకున్నది 'బుజ్జి' అనే కారును గూర్చి. దాదాపు 6 టన్నుల ఆ వాహనాన్ని నిజంగానే తయారుచేయించారు కాబట్టి ఆ ఆసక్తి సహజమే. కాని కోనసీమ విద్యార్థి అడగవలసిన ప్రశ్న నీటిది. భూమిమీద నీరు సుమారు 138 కోట్ల ఘన కిలోమీటర్లు. అందులో నూటికి 97 వంతులకు పైగా ఉప్పునీరు. నది ఎండినంత మాత్రాన నీరు భూమిని విడిచిపోదు. సముద్రంలోనో, ఆకాశంలోనో, మరొక చోట వానగానో ఉంటుంది. మరి గంగ నీరు ఎటు పోయింది? మంచు కరగడం ఆగిందా, వానలు దారి మళ్ళాయా, ఎవరైనా పట్టి ఉంచారా? ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచి కాలవనీటి మీద బ్రతికే సీమలో, వేసవిలో గోదావరి పాయలలో ఇసుకతిన్నెలు తేలడం చూచిన పిల్లలకు ఇది వట్టి కథ కాజాలదు.

ఇంటికి వెంటవచ్చే అబద్ధం

ఇంతవరకు చెప్పినవి చాలావరకు హాని లేని పొరపాట్లు. కక్ష్యావేగం తప్పుగా అనుకున్నంత మాత్రాన ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. కాని కొన్ని అబద్ధాలు హాలులో ఉండిపోవు. ప్రేక్షకుడి వెంట ఇంటికి, పొలానికి వస్తాయి. వాటిలో మొదటిది పాముకాటు ఘట్టం.

ఇది ఏ ఒక్క చిత్రానికో చెందినది కాదు. తరాల తరబడి ఎన్నో చిత్రాలలో కనబడుతున్నది. పాము కరుస్తుంది, కథానాయిక కెవ్వుమంటుంది, కథానాయకుడు గుడ్డచింపి బిగించి కట్టి, కత్తితో గాటుపెట్టి, నోటితో విషం పీల్చి ఉమ్మివేస్తాడు, ఆమె కళ్ళు తెరుస్తుంది. ప్రేమకథకు ఇది అనుకూలమే. వైద్యానికి మాత్రం ఇందులో ప్రతి అడుగూ తప్పు.

విషం కోరలగుండా కండలోకి దిగి, రసనాళాల దారిన వ్యాపిస్తుంది. నోటితో పీల్చినందువల్ల చెప్పుకోదగినంత విషం బయటికి రాదు. గాటుపెడితే రక్తస్రావం పెరుగుతుంది. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతింటుంది కాబట్టి అది మరింత ప్రమాదం. బిగించి కట్టిన గుడ్డ రక్తప్రసారాన్ని ఆపి, కాలు చేయి చచ్చుబడేట్లు చేయగలదు. కెవ్వుమనడం కూడా ప్రతిసారీ జరగదు. రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కట్లపాము కరచినప్పుడు నొప్పి దాదాపు తెలియకపోవచ్చు. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం మొదలవుతాయి. సినిమాలో చూచిన కేకా, రెండు నెత్తుటి చుక్కలూ లేవు కాబట్టి ఇది పాముకాటు కాదనుకున్న ఇంట్లో అమూల్యమైన గంటలు జారిపోతాయి.

ఈ విషయం ఎంత పెద్దదో అంకెలు చెబుతాయి. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటువల్ల 12 లక్షల మంది మరణించారని అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో తెలంగాణతో కలిసి ఉన్ననాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాటిలో సగం జూన్, సెప్టెంబరు మధ్య, వరిచేలలో పని సాగే రోజులలోనే జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

చేయవలసినది చాలా సామాన్యం. వెండితెరకు పనికిరానంత సామాన్యం. కరచిన వ్యక్తిని నడవనివ్వక, ధైర్యం చెప్పి పడుకోబెట్టాలి. వేలి ఉంగరాలు, గాజులు, మట్టెలు వాపు రాకముందే తీసివేయాలి. కరచిన కాలిని లేదా చేతిని బద్దకట్టి కదలకుండా ఉంచాలి. గాటు, పీల్పు, నాటుమందు, మంత్రం ఏవీ లేకుండా 108 వాహనంలోనో, దొరికిన బండిలోనో ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టి తీసుకుపోవాలన్న పట్టుదల వద్దు. అది మరొకరిని కరవవచ్చు. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో తయారైన ప్రతిరక్షకాలనుంచి ఆ మందు తీస్తారు. ఆ విషాన్ని సేకరించే పనిలో తమిళనాడులోని ఇరుల తెగవారి సహకార సంఘం 1978 నుంచి పేరు పొందింది. పాములనుంచి విషం తీసి ప్రాణాలు నిలిపే ఆ మనుషుల కథలో ఒక మంచి సినిమాకు కావలసినదంతా ఉన్నది.

మాస్టారు చేయదగిన పని

బడిలో సినిమా మాట వినబడితే కసరడం చాలామందికి అలవాటు. కసరితే ఆ మాట ఆగదు. మాస్టారికి వినబడని చోటికి పోతుంది, అంతే. దానికి బదులు తరగతిలో వారానికి ఒక పావుగంట కేటాయించి, ఇటీవల చూచిన చిత్రంపై ఒక్కొక్కరిని అయిదు వాక్యాలు చెప్పమనవచ్చు. మొదటి వాక్యంలో చిత్రం కోరిన కల్పన ఏమిటో చెప్పాలి. రెండవదానిలో, దానిని ఒప్పుకున్న తరువాత లెక్క సరిగా నడచినచోటు; మూడవదానిలో తప్పినచోటు. నాలుగవది, ఆ తప్పును నమ్మి ఎవరైనా నడచుకుంటే ఏమవుతుంది? బాగుందో లేదో అయిదవ వాక్యంలో చెప్పవచ్చు. అప్పటికి ఆ మాటకు బరువు వచ్చి ఉంటుంది.

ఇలా చేయడంవల్ల వినోదం చెడుతుందన్న భయం అక్కరలేదు. ఈగ బలం లెక్క తెలిసినవాడు ఆ చిత్రాన్ని మరింత ఆనందంతో చూస్తాడు. నీటి పీడనం తెలిసినవాడికి జలాంతర్గామి గోడ కిర్రుమన్న చప్పుడు మరింత గట్టిగా వినబడుతుంది. నాలుగవ వాక్యం దగ్గర మాత్రం మాస్టారు తొందరపడకూడదు. తరగతిలో కూర్చున్న పిల్లలలో చాలామంది తండ్రులు, తల్లులు తెల్లవారుజామున చేలకూ, తోటలకూ పోయేవారే. తెరమీద చూచిన గుడ్డకట్టును నమ్మాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా అన్న నిర్ణయం ఏదో ఒక వానాకాలపు రాత్రి ఆ పిల్లలలో ఒకరిమీద పడవచ్చు. ఆ రాత్రి పనికివచ్చే మాట ఈ పావుగంటలో వారి చెవిన పడి ఉండాలి.